పుట్ట లేని పుట్టగొడుగు

వాన వెలిసిన మర్నాడు లాన్‌లో తెల్లగా విచ్చుకునే గొడుగు ఏమిటి? ఊళ్లో మనం తిన్నదేనా? తెలుసుకునే దారి ఏది?

తొలకరి దాటి రెండు పెద్ద వానలు పడి, మధ్యలో ఒక రోజు ఎండ కాసిందంటే చాలు. అపార్ట్‌మెంట్ లాన్‌లో, కాలేజీ మైదానంలో, రోడ్డు మధ్య డివైడర్ మీది గడ్డిలో తెల్లారేసరికి తెల్లటి గొడుగులు లేచి ఉంటాయి. నిన్న సాయంత్రం అక్కడ ఏమీ లేదు. ఉదయం వాకింగ్‌కి వచ్చినవాళ్లు ఆగి చూస్తారు. ఎవరో ఒకరు ఫొటో తీస్తారు. కాసేపటికి ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులోకి ఎక్కుతుంది. కింద ఒకటే ప్రశ్న: ‘ఇవి తినొచ్చా?’

పది నిమిషాల్లో జవాబులు మొదలవుతాయి. ‘మా ఊళ్లో ఇవే తినేవాళ్లం, భలే రుచి’ అంటారొకరు. ‘తెల్లవైతే పర్లేదు, రంగులున్నవే విషం’ అంటారు ఇంకొకరు. మరొకరు యాప్‌లో వెతికి ఏదో పేరు పెడతారు. నన్నడిగితే వీటన్నిటిలో మొదటి జవాబే ప్రమాదం. ఆ మాట చెప్పినవాళ్లకు నిజంగానే పుట్టగొడుగులు తెలుసు. చిన్నప్పుడు ఏరారు, వండారు, తిన్నారు. తెలిసినవాళ్ల మాట కాబట్టే మిగతావాళ్లు నమ్ముతారు. ఊళ్లో వాళ్లు తిన్నదీ, ఈ లాన్‌లో లేచిందీ రెండూ తెల్లనివే. రెండూ వానకే వస్తాయి. రెండిటికీ గొడుగూ కాడా ఉంటాయి. కుటుంబాలు మాత్రం పూర్తిగా వేరు.

పళ్లెమంత గొడుగు

మన వైపు లాన్లలో కనిపించే పెద్ద తెల్లగొడుగుల్లో ముందుగా అనుమానించాల్సింది క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్‌ని. జర్మన్ వృక్షశాస్త్రవేత్త జి.ఎఫ్.డబ్ల్యు. మేయర్ 1818లో దక్షిణ అమెరికాలోని ఎసెక్విబో ప్రాంతపు మొక్కల మీద వెలువరించిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆ ప్రాంతం ఇప్పటి గయానా దేశంలో ఉంది. 1898లో ఇంగ్లండుకు చెందిన జార్జ్ మస్సీ దీన్ని ఇప్పుడున్న ప్రజాతిలోకి చేర్చాడు. దీనికి వేడీ కావాలి, తేమా కావాలి. అందుకే ఉష్ణమండల దేశాల్లో గడ్డి పెంచి నీళ్లు పెట్టే చోటల్లా ఇది ప్రత్యక్షమవుతుంది.

మొదట గడ్డిలోంచి కోడిగుడ్డంత తెల్లటి తల పైకి వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అది విచ్చుకుని 10 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పుకు చేరుతుంది. అంటే చిన్నది సాసరంత, పెద్దది అన్నం పళ్లెమంత. గొడుగు నడినెత్తిన లేత గోధుమరంగు మచ్చ ఒకటి ఉంటుంది. మొగ్గగా ఉన్నప్పుడు తలంతా కప్పి ఉన్న పైపొర, గొడుగు విప్పారేటప్పుడు అంత వేగంగా సాగలేక చిట్లిపోతుంది. నడిమధ్యన మచ్చగా మిగిలేదీ, అంచుల వైపు పొలుసులుగా చెదిరేదీ ఆ పొరే. మధ్యలో పొలుసులు దగ్గర దగ్గరగా, అంచుకు పోయేకొద్దీ పలచగా ఉంటాయి.

కాడ తెల్లగా, నున్నగా ఉంటుంది. దాని పైభాగంలో ఒక ఉంగరం. రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదిపితే ముదిరిన గొడుగులో ఆ ఉంగరం కాడ మీద పైకీ కిందికీ జరుగుతుంది. కాడ అడుగు కొంచెం ఉబ్బి ఉంటుంది కానీ దాని చుట్టూ సంచిలాంటి తొడుగు ఉండదు. ఈ తొడుగు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అసలు గుర్తు గొడుగు కింద ఉంటుంది. తిప్పి చూస్తే కాడ దగ్గర్నుంచి అంచుదాకా సన్నటి రేకులు బారులు తీరి కనిపిస్తాయి. లేతగా ఉన్నప్పుడు అవి తెల్లగా ఉంటాయి. సిద్ధబీజాలు పండేకొద్దీ బూడిద కలిసిన ఆకుపచ్చకు తిరుగుతాయి. లోకంలో ఉన్న వేల రకాల పుట్టగొడుగుల్లో ఆకుపచ్చ సిద్ధబీజాలు రాల్చేవి చాలా అరుదు. కాబట్టి ముదిరిన దాన్ని చూస్తే పోల్చుకోవడం కష్టం కాదు. చిక్కంతా లేతదానితోనే. కూరకు కోయాలనిపించేదీ లేతదాన్నే, పచ్చదనం ఇంకా రానిదీ లేతదానిలోనే.

తింటే గంట నుంచి మూడు గంటల్లో కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. కొందరికి విరేచనాల్లో రక్తం పడుతుంది. ప్రాణం తీయడం చాలా అరుదు. కానీ పసిపిల్లలకూ, పెద్దవయసువాళ్లకూ ఒంట్లో నీరు పోవడమే పెద్ద గండం. 2012లో జపాన్ పరిశోధకులు దీనిలోంచి ఒక విషపు ప్రొటీన్‌ని వేరుచేసి మోలిబ్డోఫిల్లైసిన్ అని పేరు పెట్టారు. పచ్చిగా తింటే దీని తీవ్రత ఎక్కువ. అలాగని బాగా ఉడికిస్తే విషం పోతుందన్న భరోసా లేదు. తిన్నవాళ్లలో కొందరికి ఏమీ కాదు. ‘మేం తిన్నాం, బాగానే ఉన్నాం’ అని వాళ్లు చెప్పిన మాట విని పక్కింటివాళ్లు తింటారు. ఆసుపత్రికి వెళ్లేది పక్కింటివాళ్లు.

అమెరికాలో జనం పొరపాటున ఎక్కువగా తినే విషపు పుట్టగొడుగు ఇదే. టెక్సాస్, జార్జియా, ఫ్లోరిడా లాంటి వెచ్చటి రాష్ట్రాల్లో ఎండాకాలపు వానల తర్వాత ఇళ్ల ముందు లాన్లలో గుంపులుగా లేస్తుంది. డల్లాస్, హూస్టన్, అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లు వేలల్లో ఉన్నాయి. పిల్లల దగ్గరికి ఆర్నెల్లు ఉండడానికి వెళ్లిన అమ్మానాన్నలకు ఆ లాన్ చూడగానే ఊళ్లో చేను గట్టు గుర్తుకు రావడం సహజం. వెళ్లేవాళ్లకు మందుల డబ్బా, స్వెట్టర్ల గురించి చెప్పినట్టే ఈ గొడుగు గురించి కూడా ఒక మాట చెప్పి పంపాలి.

పుట్ట కింద తోట

మరి ఊళ్లో తిన్నదేమిటి? తెలుగు పల్లెల్లో పుట్టగొడుగులనీ, పుట్టకొక్కులనీ ఇష్టంగా ఏరుకునేవి ఎక్కువగా టెర్మిటోమైసిస్ ప్రజాతికి చెందినవి. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో ఈ ప్రజాతికి పేరు పెట్టాడు. ఆయన గౌరవార్థం 1979లో కె. నటరాజన్ దక్షిణ భారతంలో దొరికే ఒక జాతికి టెర్మిటోమైసిస్ హైమి అని పేరు పెట్టారు. ఇది చెదపురుగులు లేకుండా బతకదు. ఆ చెదలు కూడా ఇది లేకుండా బతకలేవు.

పుట్టలోపల జరిగేది వ్యవసాయమే. కూలి చెదలు ఎండుగడ్డి, ఆకులు, పుల్లలు కొరికి మింగి, సగం అరిగినదాన్ని గూటిలోకి తెచ్చి విసర్జిస్తాయి. దాన్ని పేర్చి తేనెపట్టులాంటి ముద్దలు కడతాయి. ఆ ముద్దల మీద శిలీంధ్రం పెరుగుతుంది. చెదలకు అరగని కర్రపదార్థాన్ని అది విరగ్గొడుతుంది. తెల్లటి చిన్న చిన్న బుడిపెలు వేస్తుంది. వాటినీ, పండిన ముద్దనూ చెదలు తింటాయి. ఈ పొత్తు సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికాలో మొదలైందని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. మనిషి సేద్యం మొదలుపెట్టి పది పన్నెండు వేల ఏళ్లే అయింది. తొలకరికి రెక్కలతో ఎగిరివచ్చి దీపాల చుట్టూ మూగే ఉసిళ్లలో చాలా వరకు ఈ గూళ్లలోంచి వచ్చినవే. ఉసిళ్లు ఎగిరిన నేలలోనే వానలు కుదురుకున్నాక గొడుగులు లేస్తాయి.

దీని కాడను పైపైన తుంపితే అసలు సంగతి తెలియదు. గునపంతో చుట్టూ మట్టి జాగ్రత్తగా తీస్తూ పోవాలి. నేలమట్టం దాటాక కాడ ఆగిపోదు. సన్నబడి, వేరులా కిందికి సాగుతుంది. జానెడు తవ్వినా ఉంటుంది, మూరెడు తవ్వినా ఉంటుంది. చివరికి గూటిలోని ఆ బూడిదరంగు ముద్దను చేరుతుంది. ఇంత మట్టిని చీల్చుకుని పైకి రావాలి కనుక దీని గొడుగు నడినెత్తిన గట్టి మొన ఉంటుంది. గొడుగు విచ్చుకున్నాక కూడా ఆ మొన పోదు. అంచులు తరచూ నిలువునా చీలి ఉంటాయి. కాడ గట్టిగా, నారగా ఉంటుంది. సిద్ధబీజాలు లేత గులాబి రంగువి. ఇన్ని గుర్తులూ కలిసి కనబడాలి.

మట్టిపుట్ట పైకి కనిపించి తీరాలని లేదు. చాలా గూళ్లు పూర్తిగా నేలలోపలే ఉంటాయి. పైన చూస్తే చదునైన బీడు, లేదా చేను గట్టు. కాబట్టి పచ్చికలో లేచిందల్లా కుక్కగొడుగే అనడానికీ లేదు. ఈ ప్రజాతిలోనే టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ అనే మరీ చిన్నది ఉంది. దానికి పొడవైన వేరు ఉండదు. చెదలు గూటిలోంచి బయట పారేసిన ముద్దల పొడి మీద వందల్లో గుంపుగా లేస్తుంది. కొత్తవాళ్లు దీన్ని మరి ఏ చిన్న తెల్లగొడుగుతోనైనా పొరబడగలరు. ఏరే అలవాటు లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

టెర్మిటోమైసిస్‌ని ఇప్పటిదాకా వ్యాపార స్థాయిలో సాగు చేయడం ఎవరికీ సాధ్యపడలేదు. చెదలు లేకుండా దాన్ని పెంచే కిటుకు అంతుబట్టలేదు. అందుకే అది వానాకాలంలో కొద్ది రోజులే దొరుకుతుంది. ఏజెన్సీ సంతల్లో ఆకుల్లో పోసి పెట్టినవి చూస్తుండగానే అమ్ముడుపోతాయి. ధర కూడా కోడికూరతో పోటీ పడుతుంది.

పోయిన వానాకాలం మా దగ్గరి పార్కులో గడ్డి కోస్తున్న పెద్దమ్మ ఒకామెను అడిగాను. ఆమెది మెదక్ వైపు పల్లె. ఆమె కొడవలికి అడుగు దూరంలోనే నాలుగు పెద్ద తెల్లగొడుగులు ఉన్నాయి.

“ఇవి కూరకు పనికొస్తాయా పెద్దమ్మా?”

“ఈడ పుట్ట యాడుంది బిడ్డా? పుట్ట లేకుంట వచ్చినదాన్ని నేను ముట్ట.”

“చూస్తే అట్లనే ఉన్నాయి గదా?”

“చూస్తే అన్నీ అట్లనే ఉంటయి. మేం తెంపుకొచ్చే జాగలల్ల ఏటా అవే వస్తయి. ఆ జాగలు మాకెరుక. ఈడ మట్టి యాడికెళ్లి తెచ్చిపోసిన్రో ఎవలకెరుక?”

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆమె నాలుగు మాటల్లో చెప్పింది. పల్లెలో పుట్టగొడుగు తెలియడమంటే దాని రూపం ఒక్కటే తెలియడం కాదు. ఫలానా చేనులో, ఫలానా రాయి పక్కన, ఫలానా కార్తెలో లేస్తుందని తెలియడం. తల్లి వెంట కూతురు తిరిగి నేర్చుకున్న ఎరుక అది. ఆ ఎరుక నేలతో ముడిపడి ఉంది. ఊరు వదిలి వచ్చినప్పుడు రూపం ఒక్కటే మన వెంట వస్తుంది, నేల రాదు. లాన్‌లో మట్టి వేరే చోటు నుంచి లారీలో వచ్చింది. గడ్డి నర్సరీ నుంచి చాపల్లా చుట్టి తెచ్చింది. ఎరువు మరో చోటిది. వాటితోపాటు ఏ సిద్ధబీజాలు వచ్చాయో ఏ అమ్మమ్మకూ తెలియదు.

రాత్రంతా గ్లాసు కింద

రూపం సరిపోదన్నాం కాబట్టి ఇంట్లో చేయగల ఒక పరీక్ష చెప్పాలి. తినడానికి పనికొస్తుందో లేదో తేల్చే పరీక్ష కాదిది. తెల్లగొడుగును దాని కుటుంబానికి చేర్చే పరీక్ష. శిలీంధ్ర శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా మొదట చేసే పని ఇదే.

బాగా విచ్చుకున్న గొడుగు ఒకటి తీసుకోండి. కాడను గొడుగుకు ఆనించి కోసేయండి. ఒక కాగితం సగం తెలుపు, సగం నలుపు ఉండేలా చూసుకోండి. తెల్ల కాగితం పక్కన నల్ల చార్టు ముక్క అతికించినా చాలు. రేకులు కిందికి వచ్చేలా గొడుగును ఆ రెండు రంగుల సరిహద్దు మీద పెట్టండి. నెత్తిన ఒక చుక్క నీళ్లు వేసి, గాలి తగలకుండా గాజు గ్లాసు గానీ గిన్నె గానీ బోర్లించండి. రాత్రంతా కదపొద్దు.

పొద్దున్నే గొడుగును నిటారుగా పైకి లేపండి. కాగితం మీద మెత్తటి పొడి రాలి ఉంటుంది. రేకుల మధ్య సందులు ఎలా ఉన్నాయో అలాగే, నడిమధ్య నుంచి అంచులకు గీతలు గీసినట్టు. ఆ గీతలు ఒక్కొక్కటీ కోట్లాది సిద్ధబీజాలు. వేలితో తాకితే అంటుకుంటుంది, ఊదితే లేస్తుంది. సగం నల్ల కాగితం ఎందుకంటే పొడి తెల్లనిదైతే తెల్ల కాగితం మీద కనిపించదు.

పొడి ఆకుపచ్చ ఛాయలో ఉంటే సందేహం లేదు, అది క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. రేకులు పైకి తెల్లగా కనిపిస్తున్న దశలో కూడా కొన్నిసార్లు పొడి పచ్చగానే పడుతుంది. చాక్లెట్ గోధుమరంగు పడితే అది అగారికస్ ప్రజాతి కావచ్చు. మనం కొనుక్కునే బటన్ మష్రూమ్ ఆ ప్రజాతిదే. లేత గులాబి పడితే టెర్మిటోమైసిస్ కావచ్చు, వరిగడ్డి మీద పెంచే వోల్వేరియెల్లా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. తెల్లటి పొడి పడితే మరింత జాగ్రత్త. ప్రాణాలు తీసే అమానిటాల పొడి తెల్లగానే ఉంటుంది.

మరికొన్ని తెల్లవి

అగారికస్ అనగానే నోరూరనక్కర్లేదు. పచ్చికలో పెరిగే అగారికస్ క్యాంపెస్ట్రిస్‌ని యూరప్‌లో తరతరాలుగా తింటున్నారు. దాని రేకులు లేతగా ఉన్నప్పుడే గులాబి రంగులో ఉండి, ముదిరేకొద్దీ చాక్లెట్ రంగుకు వస్తాయి. అదే ప్రజాతిలో అగారికస్ జాంథోడెర్మస్ అనేది కూడా పచ్చికలోనే లేస్తుంది. గొడుగు అంచును గానీ, కాడ అడుగును గానీ గిల్లితే చటుక్కున పసుపు రంగుకు మారుతుంది. వాసన చూస్తే సిరా, ఫినాయిల్ గుర్తొస్తాయి. అది తిన్నవాళ్లు వాంతులతో ఆసుపత్రికి వెళ్తారు.

అమానిటాల సంగతి వేరు. వీటిలో చాలావరకు చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతుకుతాయి. ఓక్ లాంటి చెట్లున్న చల్లటి దేశాల్లో వీటి బెడద ఎక్కువ. తెల్లటి రేకులు, కాడ మీద ఉంగరం, కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉంటాయి. తొడుగు మట్టిలో ఉండిపోతుంది కాబట్టి కాడను పైన తుంపినవాళ్లకు అది కనిపించనే కనిపించదు. ఏ గొడుగునైనా గుర్తించాలంటే చాకుతో అడుగుదాకా తవ్వి తీయాలని చెప్పేది అందుకే.

ఇక్కడ మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. వరిగడ్డి పుట్టగొడుగుకు కూడా అడుగున తొడుగు ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు గుడ్డు ఆకారంలో ఉంటుంది. ఆసియా దేశాల్లో అది తిని పెరిగినవాళ్లు కాలిఫోర్నియాలో, ఆస్ట్రేలియాలో ఓక్ చెట్ల కింద లేచిన అమానిటా ఫాలాయిడిస్‌ని చూసి అదే అనుకుని తిన్న సంఘటనలు ఉన్నాయి. చూడ్డానికి అంత దగ్గర పోలిక. 2016 డిసెంబరు నెల ఒక్కదానిలోనే ఉత్తర కాలిఫోర్నియాలో 14 మంది దీని విషం బారిన పడ్డారు. బే ఏరియాలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలు ఈ పేరు తెలుసుకుని ఉండాలి.

చెట్లు లేని లాన్ కదా, అమానిటా రాదు, కాబట్టి పర్లేదు అనుకోవడానికీ లేదు. లెపియోటా అనే చిన్న గొడుగుల ప్రజాతిలో కొన్నిటిలో అమానిటా ఫాలాయిడిస్‌లో ఉండే అమాటాక్సిన్ అనే విషమే ఉంది. అవి గడ్డిలోనూ లేస్తాయి. రూపాయి బిళ్లంత గొడుగుతో గడ్డిలో లేచే క్లైటోసైబి డీల్బాటా లాంటివి మరో రకం. వాటిలో మస్కరిన్ ఉంటుంది. తిన్న కొద్దిసేపటికే ఒళ్లంతా చెమట, నోటి నిండా నీళ్లు, కళ్ల వెంట ధార. దానికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది కాబట్టి వేళకు ఆసుపత్రికి చేరితే చాలావరకు బయటపడతారు.

వెండి చెంచా చెప్పదు

విషాన్ని కనిపెట్టే చిట్కాలు మన వంటింట్లో చాలా తిరుగుతున్నాయి. కూరలో వెండి చెంచా పెడితే నల్లబడుతుందట. వెల్లుల్లి వేస్తే రంగు మారుతుందట. పురుగు కొరికి ఉంటే మనిషికీ మంచిదేనట. ఉప్పు, పసుపు వేసి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే విషం పోతుందట. వీటిలో ఒక్కటీ నిజం కాదు. వెండి నల్లబడేది గంధకం వల్ల. అమానిటా విషానికీ దానికీ సంబంధం లేదు. మనిషి కాలేయాన్ని పాడుచేసే గొడుగును నత్తలు, పురుగులు హాయిగా తింటాయి. అమాటాక్సిన్ ఎంత ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో పెట్టినా చెక్కుచెదరదు.

యాప్‌ల మాట కూడా చెప్పాలి. ఫొటోలో గొడుగు పైభాగమే పడుతుంది. కాడ అడుగు మట్టిలో ఉంటుంది, సిద్ధబీజాల రంగు ఇంకా బయటపడి ఉండదు, వాసన ఫొటోకు అందదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఇలాంటి యాప్‌లు మూడింటిని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో మెరుగైనది కూడా సగం వాటినే సరిగ్గా గుర్తించింది. పేరు తెలుసుకోవాలన్న కుతూహలానికి యాప్ వాడుకోవచ్చు. ఆ పేరును నమ్మి పొయ్యి వెలిగించకూడదు.

2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది తేయాకు తోటల కార్మిక కుటుంబాలవాళ్లు. అంతకు రెండేళ్ల ముందు 2020లో మేఘాలయలో కూడా ఇలాగే మరణాలు సంభవించాయి. వాళ్లు పుట్టగొడుగులు తెలియనివాళ్లు కారు. ఏటా ఏరుకునేవాళ్లే.

గడియారం చూడండి

పొరపాటున ఎవరైనా తింటే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ‘ఎప్పుడు తిన్నారు, వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి?’ అని. ఈ రెండిటి మధ్య గడిచిన సమయం చాలా చెబుతుంది. మూడు గంటల్లోపే మొదలైతే క్లోరోఫిల్లమ్ లాంటి కడుపు విషం కావచ్చు. 6 గంటలు దాటి, 12 గంటలకో ఇంకా ఆలస్యంగానో మొదలైతే అమాటాక్సిన్‌ని అనుమానించాలి. అది కాలేయంలో కణాల పనిని నిలిపేస్తుంది. మరీ మోసం చేసేది దాని రెండో దశ. ఒక రోజు వాంతులు, విరేచనాలతో బాధపెట్టి తగ్గిపోతుంది. మనిషి లేచి కూర్చుంటాడు. ఇంటికి వెళ్లిపోదామంటాడు. లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. మూడు నాలుగు రోజులకు కళ్లు పచ్చబడతాయి. అప్పటికి కాలేయ మార్పిడి తప్ప దారి లేని పరిస్థితి రావచ్చు. కాబట్టి వాంతులు తగ్గాయి కదా అని ఇంటికి తీసుకుపోకూడదు. రెండు మూడు రకాలు కలిపి వండుకుని ఉంటే, తొందరగా వాంతులు మొదలయ్యాయని నిశ్చింతగా ఉండడానికి కూడా వీల్లేదు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మిగిలిన గొడుగులు, కోసి పారేసిన కాడలు, ఆఖరికి మిగిలిన కూర అయినా సరే వెంట తీసుకెళ్లాలి. గొడుగులను కాగితంలో చుట్టాలి. ప్లాస్టిక్ కవర్లో అవి చెమర్చి గంటల్లో కుళ్లిపోతాయి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే పాత పద్ధతి వద్దు. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తుంది. స్థానిక డాక్టర్లు అక్కడి నిపుణుల సలహా అడగవచ్చు.

తీసేయాలా, ఉంచాలా?

ఇంత చదివాక లాన్‌లోని గొడుగులన్నీ మందు కొట్టి చంపాలనిపించవచ్చు. నేనైతే వద్దంటాను. పైన కనిపించే గొడుగు ఆ జీవికి కాయలాంటిది మాత్రమే. అసలు ఒళ్లు నేలలోపల తెల్లటి సన్నని తంతువులుగా పరచుకుని ఉంటుంది. చచ్చిన వేళ్లను, పాత కర్ర ముక్కలను, కంపోస్టును కుళ్లబెట్టి గడ్డికి ఎరువుగా మారుస్తుంది. ఒకచోట మొదలై అన్ని వైపులకూ సమంగా పాకడం వల్ల గొడుగులు ఒక్కోసారి గుండ్రటి వలయంగా లేస్తాయి. ఆ వలయం వెంబడి గడ్డి మిగతాచోటు కంటే ముదురు పచ్చగా ఉంటుంది. శిలీంధ్రం అక్కడ నత్రజనిని విడుదల చేస్తోందన్నమాట. మందు కొడితే పైన గొడుగులు ఎండిపోతాయి తప్ప లోపలి తంతువులు చావవు. మళ్లీ వానకు మళ్లీ లేస్తాయి.

చేత్తో తాకినంత మాత్రాన ఈ గొడుగుల విషం ఎక్కదు. భయమల్లా నోట్లో పెట్టుకునే పసిపిల్లలతో, పెంపుడు కుక్కలతోనే. అలాంటివాళ్లు తిరిగే లాన్ అయితే పొద్దున్నే చూసుకుని, విచ్చుకోకముందే తీసి చెత్తలో వేయాలి. తోటపని చేసేవాళ్లు వాటిని కూరకు తీసుకెళ్లకుండా ఒక మాట చెప్పాలి. కాలనీ సంఘాలు ఈ పని వానాకాలం మొదట్లోనే చేస్తే మంచిది. గేటు దగ్గర బోర్డు మీద రెండు వరుసలు రాసి పెడితే సరిపోతుంది.

పుట్టగొడుగులు తినాలనుంటే మార్కెట్లో సాగు చేసినవి ఉన్నాయి. బటన్, ముత్యపు చిప్ప రకాలతోపాటు మన వేడికి తట్టుకునే పాల పుట్టగొడుగు ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల పండుతోంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో దాని ఏపీకే-2 రకాన్ని విడుదల చేశాక దక్షిణాదిన దీని సాగు పెరిగింది. అదీ తెల్లగానే ఉంటుంది, రుచిగానూ ఉంటుంది, ఎక్కడ పెరిగిందో అమ్మేవాళ్లకు తెలుసు. పుట్టకొక్కులే కావాలంటే, ఏటా అదే నేలలో ఏరుకొచ్చేవాళ్ల దగ్గర కొనండి. ఏ ఊరి నుంచి తెచ్చారో అడగండి.

లాన్‌లో లేచినదాన్ని ఈ వానాకాలం పిల్లలతో కలిసి అడుగుదాకా తవ్వి చూడండి. ఉంగరం జరుగుతుందేమో చూడండి. రాత్రికి గ్లాసు బోర్లించి, పొద్దున్నే ఆ ఆకుపచ్చ ముద్ర వాళ్లకు చూపించండి. కాగితం మీద తేదీ, చోటు రాసి దాచుకోమనండి. గొడుగును మాత్రం చెత్తబుట్టలో వేసి, చేతులు సబ్బుతో కడిగించండి.